పాస్‌వర్డ్ పోయిన మెయిల్ మళ్ళీ తెరుచుకోవడం ఎందుకంత కష్టం?

## క్లుప్తంగా

మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ దాన్ని వెతికి ఇవ్వలేదు, ఎందుకంటే అది కంపెనీ దగ్గర కూడా ఉండదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలంటే అడుగుతున్నది అసలు ఖాతాదారేనని రుజువు కావాలి. ఆ రుజువు అప్పటికప్పుడు పుట్టేది కాదు, ఖాతా బాగా పనిచేస్తున్న రోజుల్లోనే జమ అయి ఉండాలి. ఫోన్ నంబర్, రెండో మెయిల్, పాత పరికరం, బ్యాకప్ కోడ్: వీటిలో ఏది ఎంతవరకు పనికొస్తుంది, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

## తెర మీద ఆ ఒక్క వాక్యం

'ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోయాం.' మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయి గంటసేపు తంటాలు పడ్డవారికి చాలాసార్లు చివరికి ఎదురయ్యే వాక్యం ఇదే. ఖాతా మీద ఉన్న పేరు తనదే, లోపలి ఉత్తరాలు తనవే, పదేళ్ళుగా వాడుతున్నదీ తనే. అయినా యంత్రం నమ్మదు. బ్యాంకు కార్డు పోతే బ్రాంచికి వెళ్ళి గుర్తింపు పత్రం చూపించవచ్చు. ఉచిత మెయిల్‌కు బ్రాంచి లేదు, కౌంటర్ లేదు. అసలు ఖాతా తెరిచిన రోజున ఎవరూ గుర్తింపు పత్రం అడగలేదు కూడా. ఇప్పుడు తీసుకెళ్ళి చూపించినా దాన్ని సరిపోల్చుకోవడానికి అవతల ఏమీ ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మిగతా ఆన్‌లైన్ ఖాతాలన్నీ మెయిల్ మీద ఆనుకుని నిలబడ్డవే. షాపింగ్ సైటు పాస్‌వర్డ్ పోతే రీసెట్ లింకు మెయిల్‌కు వస్తుంది. సోషల్ మీడియా ఖాతాకూ, ఉద్యోగ దరఖాస్తుల సైటుకూ అదే దారి. అందరికీ ఆసరా ఇచ్చే మెయిల్‌కు మాత్రం తనకంటూ ఆసరా తక్కువ. అందుకే దాన్ని తిరిగి తెరిపించుకోవడం మిగతా వాటికన్నా కష్టం. దొంగలు ముందుగా దాని మీదే కన్నేయడానికి కారణం కూడా అదే: మెయిల్ చేతికొస్తే మిగతా తాళాలన్నీ వాటంతటవే ఊడొస్తాయి.

## పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఎందుకు ఉండదు

'నా పాస్‌వర్డ్ ఏంటో చెప్పండి చాలు' అన్నది మామూలుగా వచ్చే మొదటి కోరిక. సరిగ్గా నడిచే ఏ మెయిల్ కంపెనీ దాన్ని తీర్చలేదు. పాస్‌వర్డ్ టైప్ చేయగానే దాన్ని ఒకవైపు మాత్రమే నడిచే ఒక లెక్కలో వేస్తారు. దాన్ని హ్యాషింగ్ అంటారు. బయటికి వచ్చేది అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల వరస. కంపెనీ భద్రపరిచేది ఆ వరసనే. మళ్ళీ లాగిన్ అయినప్పుడు టైప్ చేసినదాన్ని అదే లెక్కలో వేసి, రెండు వరసలూ కలిశాయా లేదా అని చూస్తారు. కాలిన కాగితం బూడిద నుంచి అక్షరాలు ఎలా తిరిగి రావో, ఆ వరస నుంచి పాస్‌వర్డ్ అలా తిరిగి రాదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పాస్‌వర్డ్‌లను ఎలా దాచారో, ప్రతి పాస్‌వర్డ్‌కు 'సాల్ట్' అనే యాదృచ్ఛిక అక్షరాలు ఎందుకు కలపాల్సి వచ్చిందో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ఇది పాటించకపోతే ఏమవుతుందో 2009లో రాక్‌యూ అనే కంపెనీ ఉదంతం చూపించింది. అక్కడ పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా దాచారు. ఒకే దాడిలో 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి.

ఆ మాటకొస్తే, 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కగానే పాత పాస్‌వర్డ్‌ను నేరుగా మెయిల్ చేసే సైటు ఏదైనా ఉంటే దాన్ని మంచి సేవ అనుకోకూడదు. అక్కడ పాస్‌వర్డ్‌లు తెరిచిన పెట్టెలో ఉన్నట్టే.

కంపెనీలు పాత పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లను కూడా కొంతకాలం ఉంచుకుంటాయి. జీమెయిల్‌లో పాత పాస్‌వర్డ్ టైప్ చేస్తే ఒక్కోసారి 'మీ పాస్‌వర్డ్ ఫలానా నెలల కిందట మారింది' అని కనబడేది అందుకే. రికవరీ సమయంలో 'మీకు గుర్తున్న చివరి పాస్‌వర్డ్ రాయండి' అని అడగడం వెనక ఉన్నదీ ఇదే. అది పనికిరాని ప్రశ్న అనుకుని చాలామంది దాటేస్తారు. నిజానికి రెండేళ్ళ కిందటి పాస్‌వర్డ్ కూడా ఒక సాక్ష్యమే.

## రెండు తప్పుల మధ్య

రికవరీ వ్యవస్థ రెండు రకాల తప్పులు చేయగలదు. అసలు మనిషిని బయట నిలబెట్టడం ఒకటి, దొంగను లోపలికి రానివ్వడం ఇంకొకటి. మొదటిదాన్ని తగ్గించాలని నిబంధనలు సడలిస్తే రెండోది పెరుగుతుంది. బిగిస్తే మొదటిది పెరుగుతుంది. రెంటినీ ఒకేసారి సున్నాకు తెచ్చే మార్గం ఇంతవరకు దొరకలేదు. ముందు తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా, పెరటి తలుపు గడియ వదులుగా ఉంటే ఇంటి భద్రత ఆ గడియదే. పాస్‌వర్డ్ రికవరీ అనేది మెయిల్‌కు పెరటి తలుపు.

మనుషుల్ని పెడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. 2018 నాటికే జీమెయిల్ వాడేవారు 150 కోట్లు దాటారు. ఉచిత సేవకు అంతమందికి ఫోన్‌లో జవాబు చెప్పడం ఖర్చు రీత్యా కుదరదు. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, మనుషుల్ని యంత్రాల కన్నా తేలిగ్గా నమ్మించవచ్చు. 2012 ఆగస్టులో వైర్డ్ పత్రిక విలేఖరి మ్యాట్ హోనన్‌కు జరిగింది ఇదే. దాడి చేసినవారు ఒక ఆన్‌లైన్ దుకాణం కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి మాటల్లో పెట్టి, ఆయన ఖాతాలోకి చేరి, క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలు చూశారు. ఆ నాలుగు అంకెలు, బిల్లింగ్ చిరునామా చెబితే యాపిల్ సహాయ కేంద్రం తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చేసింది. ఆ యాపిల్ మెయిలే ఆయన జీమెయిల్‌కు రికవరీ చిరునామా. దాన్ని ఎలా కనిపెట్టారంటే, జీమెయిల్ రికవరీ పేజీయే సగం చుక్కలు పెట్టి చూపించింది, మిగతా సగం ఊహించడం పెద్ద పని కాలేదు. గంట సేపట్లో ఆయన ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్‌లలోని డేటా మొత్తం చెరిగిపోయింది. ఎక్కడా ఎవరూ పాస్‌వర్డ్ బద్దలు కొట్టలేదు. ఒక కంపెనీ బయటికి చూపించే సమాచారాన్ని ఇంకో కంపెనీ రహస్యంగా భావించింది, అంతే.

ఇలాంటివి జరిగాక కంపెనీలు సహాయ కేంద్రాల చేతుల్లో అధికారాన్ని తగ్గించాయి. ఇప్పుడు కనబడే బిగువు ఆ అనుభవాల నుంచి వచ్చిందే.

## రహస్య ప్రశ్నలు ఎందుకు మాయమయ్యాయి

'మీ మొదటి టీచర్ పేరేమిటి?', 'మీరు పుట్టిన ఊరు?' లాంటి ప్రశ్నలతో ఒకప్పుడు ఖాతాలు తెరుచుకునేవి. పైకి తెలివైన ఏర్పాటే. పాస్‌వర్డ్ మర్చిపోవచ్చు గానీ పుట్టిన ఊరు మర్చిపోరు కదా. అయితే పుట్టిన ఊరు ఖాతాదారుతో పాటు ఊళ్ళో వాళ్ళందరికీ తెలుసు.

2008 సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న సారా పాలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ విద్యార్థి ఇలాగే చేరాడు. పుట్టినరోజు, పిన్ కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారు అన్న మూడు జవాబులూ ఇంటర్నెట్‌లోనే దొరికాయి. అతనికి తరవాత జైలు శిక్ష పడింది. ఆ పద్ధతి మాత్రం మరికొన్నేళ్ళు కొనసాగింది.

చివరి దెబ్బ అంకెల రూపంలో తగిలింది. గూగుల్ పరిశోధకులు తమ దగ్గరున్న కోట్లాది రహస్య ప్రశ్నల సమాచారాన్ని పరిశీలించి 2015లో ఒక పత్రం ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడేవారి 'ఇష్టమైన తిండి' జవాబును ఒక్క ప్రయత్నంలో సరిగ్గా ఊహించే అవకాశం 19.7 శాతం. కొరియన్ మాట్లాడేవారి పుట్టిన ఊరును 10 ప్రయత్నాల్లో ఊహించే అవకాశం 39 శాతం. కొరియాలో జనం కొద్ది నగరాల్లోనే కిక్కిరిసి ఉండటం వల్ల ఆ జాబితా చిన్నది. మరోవైపు, అమెరికాలోని ఇంగ్లీషు వాడుకరుల్లో 40 శాతం మంది అవసరమైన వేళ తమ జవాబు తామే చెప్పలేకపోయారు. అంటే ఆ ప్రశ్నలు దొంగకు తేలిక, సొంతదారుకు కష్టం. తాళం ఎలా ఉండాలో దానికి సరిగ్గా తలకిందులు.

జవాబులు ఎందుకు మర్చిపోతారు? ఒక కారణం అబద్ధం. ఎవరూ ఊహించకూడదని చాలామంది తప్పుడు జవాబులు రాస్తారు. ఏళ్ళ తరవాత ఆ అబద్ధం గుర్తుండదు. అందరి అబద్ధాలూ దాదాపు ఒకేలా ఉండటంతో ఆ జాగ్రత్త వల్ల ఊహించడం ఇంకా సులువైంది కూడా. అక్షరాల ఇబ్బంది వేరే ఉంది. ఊరి పేరును ఇంగ్లీషులో ఒకసారి ఒక స్పెల్లింగుతో, ఇంకోసారి ఇంకో స్పెల్లింగుతో రాసేవారికి యంత్రం ఒప్పుకోదు.

దీనికి తోడు యాహూలో 2013లో జరిగిన చోరీ. 300 కోట్ల ఖాతాలు, అంటే ఆనాటి యాహూ ఖాతాలన్నీ దాని బారిన పడ్డాయని కంపెనీ 2017లో ఒప్పుకుంది. పోయిన సమాచారంలో రహస్య ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, పుట్టిన ఊరిని ఎలా మార్చుకుంటారు? అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇలాంటి ప్రశ్నలను పక్కన పెట్టేశాయి. గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించడం వద్దన్నదీ ఆ మార్గదర్శకాలే. మాటిమాటికీ మార్చమనడం మర్చిపోవడానికి పెద్ద కారణమని ఆఫీసుల్లో పనిచేసేవారికి విడిగా చెప్పనక్కర్లేదు.

## ఫోన్ నంబర్: బలం, లొసుగు

రహస్య ప్రశ్నల స్థానంలోకి ఓటీపీ వచ్చింది. అదే 2015 పత్రం ప్రకారం ఎస్ఎంఎస్ కోడ్‌తో ఖాతా తిరిగి పొందినవారు 80 శాతానికి పైనే. రెండో మెయిల్‌కు కోడ్ పంపే పద్ధతి దాని కన్నా కొంచెం వెనకబడింది. ఫోన్ రోజూ చేతిలో ఉంటుంది, రెండో మెయిల్‌ను ఏడాదికోసారి కూడా తెరవని వారెందరో. తీరా తెరవబోతే దాని పాస్‌వర్డ్ కూడా గుర్తుండదు.

అయితే ఫోన్ నంబర్‌కు ఒక మౌలికమైన లోపం ఉంది. అది వాడేవారి సొంతం కాదు, టెలికాం కంపెనీ అద్దెకు ఇచ్చినట్టు. రీచార్జ్ ఆపేసినా, పాత నంబర్ వదిలేసి కొత్తది తీసుకున్నా కొంతకాలానికి ఆ నంబర్ ఇంకొకరికి వెళుతుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో అమెరికాలోని రెండు పెద్ద టెలికాం కంపెనీలు కొత్త కస్టమర్లకు ఇవ్వజూపిన 259 నంబర్లను పరిశీలించారు. అందులో 171 నంబర్లు ప్రముఖ వెబ్‌సైట్లలో ఎవరివో పాత ఖాతాలకు ఇంకా జతై ఉన్నాయి. ఆ నంబర్ కొత్తగా తీసుకున్న వ్యక్తి మంచివాడైతే సరే, కాకపోతే రీసెట్ కోడ్ నేరుగా అతని ఫోన్‌కే వెళుతుంది. పాత ఖాతాదారు మాత్రం 'చివర 47 ఉన్న నంబర్‌కు కోడ్ పంపాం' అన్న వాక్యం చూస్తూ కూర్చోవాలి.

ఇంకొకటి సిమ్ స్వాప్. టెలికాం సిబ్బందిని నమ్మించి బాధితుడి నంబర్‌ను తమ సిమ్‌లోకి మార్పించుకోవడం. 2019లో ట్విట్టర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ ట్విట్టర్ ఖాతా నుంచే దుండగులు పోస్టులు పెట్టగలిగారు, ఆయన ఫోన్ నంబర్ వారి అధీనంలోకి వెళ్ళడం వల్ల. ఎన్ఐఎస్‌టీ మార్గదర్శకాలు ఎస్ఎంఎస్‌ను పూర్తిగా నిషేధించలేదు గానీ ఆచితూచి వాడాల్సిన వాటి జాబితాలో పెట్టాయి.

ఫోన్ పోవడం మరో సంగతి. కోడ్ వచ్చే సిమ్ అందులోనే, కోడ్‌లు పుట్టించే ఆథెంటికేటర్ యాప్ అందులోనే, ఎప్పుడూ లాగిన్ అయి ఉండే మెయిల్ యాప్ అందులోనే. మూడు ఆధారాలు ఉన్నాయనుకుంటారు, లెక్కకు మూడు, నిజానికి ఒకటే. రెండు మెయిళ్ళను ఒకదానికొకటి రికవరీ చిరునామాగా పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. రెండూ ఒకేరోజు లాగౌట్ అయితే ఒకదాని తాళంచెవి ఇంకోదాని లోపల ఉండిపోతుంది.

## యంత్రం చూసే కనబడని ఆనవాళ్ళు

ఫోన్, రెండో మెయిల్ రెండూ అందుబాటులో లేనప్పుడు కంపెనీలు ఇతర ఆనవాళ్ళను బేరీజు వేస్తాయి. అడుగుతున్న కంప్యూటర్ ఇంతకు ముందు ఇదే ఖాతాకు వాడినదేనా? బ్రౌజర్ అదేనా? ఇంటర్నెట్ కనెక్షన్ మామూలు చోటు నుంచేనా? గూగుల్ తన సహాయ పేజీలో ఇచ్చే సలహా కూడా ఇదే: తరచూ వాడే పరికరం, అదే బ్రౌజర్, తరచూ లాగిన్ అయ్యే ప్రదేశం. ప్రశ్నలను దాటేయకుండా, ఖచ్చితంగా తెలియకపోయినా దగ్గరగా అనిపించిన జవాబు ఇవ్వమని కూడా అది చెబుతుంది.

టెన్షన్‌లో జనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కొత్తగా కొన్న ఫోన్ నుంచి ప్రయత్నిస్తారు. స్నేహితుడి ల్యాప్‌టాప్ అడుగుతారు. జాగ్రత్త కోసమని ఇన్‌కాగ్నిటో విండో తెరుస్తారు, కనెక్షన్ వేరే చోటు నుంచి వస్తున్నట్టు చూపించే వీపీఎన్ ఆన్‌లో ఉందన్న సంగతే మర్చిపోతారు. ఆ పైన గంటలో ఇరవైసార్లు ప్రయత్నిస్తారు. యంత్రం వైపు నుంచి చూస్తే ఇదంతా అచ్చం దొంగ వాలకమే: తెలియని పరికరం, తెలియని చోటు, ఆగకుండా ఊహాగానాలు. కాసేపటికి అది ప్రయత్నాలనే ఆపేస్తుంది. పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఇంటి వైఫైలో, నిదానంగా ఒక్కసారి ప్రయత్నించడానికి దీనికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

అసలు రికవరీ పేజీ దాకా వెళ్ళాల్సిన అవసరం లేని సందర్భాలూ తక్కువేం కాదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా ఉంటుంది. పాత ట్యాబ్‌లో మెయిల్ ఇంకా తెరిచే ఉండవచ్చు. అలాంటి చోట లాగౌట్ నొక్కకుండా ఉండటమే పెద్ద ఉపకారం. కీబోర్డు వేరే భాషలోకి మారి ఉండటం, క్యాప్స్ లాక్ పడి ఉండటం లాంటి చిల్లర కారణాలు కూడా ఉంటాయి. కొందరు మర్చిపోయేది పాస్‌వర్డ్ కాదు, చిరునామా. పేరు చివర 82 పెట్టారో 28 పెట్టారో గుర్తులేక, వేరేవాళ్ళ ఖాతాను తెరవాలని రోజంతా కుస్తీ పడతారు. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్కలు ఉన్నా లేకపోయినా ఒకటే, అంకెలు మాత్రం అలా కాదు.

## కంపెనీకో తీరు

మైక్రోసాఫ్ట్‌కు చెందిన ఔట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు ఒక దరఖాస్తు ఫారం ఉంది. ఇటీవల పంపిన మెయిళ్ళ సబ్జెక్ట్ లైన్లు, సొంతంగా చేసుకున్న ఫోల్డర్ల పేర్లు, ఎవరెవరికి మెయిల్ పంపారు, పాత పాస్‌వర్డ్‌లు లాంటివి అందులో రాయాలి. జవాబు వేరే మెయిల్‌కు వస్తుంది. రోజుకు రెండుసార్లకు మించి ప్రయత్నించనివ్వదు. గూగుల్ కనబడని ఆనవాళ్ళకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తే, ఈ ఫారం ఖాతాదారు జ్ఞాపకానికి పెద్ద పీట వేస్తుంది. అయితే రెండంచెల ధృవీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ లాంటి ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకున్న ఖాతాకు ఈ ఫారం పనిచేయదు. భద్రత పెంచుకున్నవారికి ఒక దారి మూసుకుపోవడం అన్యాయంగా అనిపించవచ్చు. కానీ ఫారంలో నాలుగు సబ్జెక్ట్ లైన్లు రాసి రెండో అంచెను దాటగలిగితే ఆ అంచెకు అర్థమే ఉండదు. అలాంటివారి కోసం మైక్రోసాఫ్ట్ 25 అక్షరాల రికవరీ కోడ్, గూగుల్ ఒక్కోటి ఒక్కసారే పనిచేసే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తాయి. వాటిని ప్రింటు తీసి దాచుకోవాలి. అదే మెయిల్‌లో డ్రాఫ్ట్‌గా దాచుకుంటే ప్రయోజనం ఏమిటో వేరే చెప్పాలా!

యాపిల్‌లో 28 అక్షరాల రికవరీ కీ పెట్టుకునే వీలుంది. పెట్టుకున్నాక ఆ కీ, నమ్మకమైన పరికరాలు రెండూ పోగొట్టుకుంటే ఖాతా శాశ్వతంగా మూసుకుపోయినట్టే.

ఆఫీసు, కాలేజీ మెయిళ్ళ సంగతి వేరు. అక్కడ ఖాతాకు అసలు యజమాని సంస్థ. ఐటీ విభాగంలోని అడ్మిన్ నిమిషంలో పాస్‌వర్డ్ మార్చి ఇవ్వగలరు. మనిషిని ముఖాముఖి చూసి గుర్తుపట్టే వీలు ఉండటమే కారణం. ఉద్యోగం మానేశాక అదే అడ్మిన్ అదే నిమిషంలో తలుపు మూయగలరు కూడా.

అన్నిటికన్నా ప్రత్యేకమైనవి ప్రోటాన్ మెయిల్, టూటా లాంటి ఎన్‌క్రిప్షన్ సేవలు. వీటిలో ఉత్తరాలకు వేసే తాళమే పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. కంపెనీ కూడా వాటిని చదవలేదు. ప్రోటాన్‌లో ఫోన్ నంబరుతోనో రెండో మెయిల్‌తోనో పాస్‌వర్డ్ రీసెట్ చేసుకోవచ్చు, ఖాతా తెరుచుకుంటుంది, కొత్త మెయిళ్ళు వస్తాయి. పాతవి మాత్రం జాబితాలో కనబడతాయే తప్ప చదవడానికి రావు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. ముందే దాచుకున్న 12 పదాల రికవరీ పదబంధమో, రికవరీ ఫైలో ఉంటేనే అవి మళ్ళీ తెరుచుకుంటాయి. లేదా పాత పాస్‌వర్డ్ ఎప్పటికైనా గుర్తు రావాలి. టూటాలో పాస్‌వర్డూ రికవరీ కోడూ రెండూ పోతే ఇక చేయగలిగింది లేదు. ఇది ఆ సేవల లోపం అనలేం. కంపెనీ చదవలేనిదాన్ని కంపెనీ తెరిచి ఇవ్వలేదు, గోప్యత కోరుకుని చేరినవారు ఒప్పుకున్న బేరం అది.

## ఆగమనడం వెనక లెక్క

'మీ అభ్యర్థన అందింది, కొన్ని రోజులు ఆగండి' అన్న జవాబు చాలామందికి కోపం తెప్పిస్తుంది. లోపల ఎవరో ఫైలు చూస్తున్నారని అనుకుంటారు. చాలాసార్లు అక్కడ ఎవరూ ఏమీ చూడరు. ఆ ఆలస్యమే భద్రత. గడువు లోపల ఖాతాకు జతైన ఫోన్లకూ మెయిళ్ళకూ హెచ్చరికలు వెళతాయి. అడిగింది దొంగ అయితే అసలు మనిషి చూసి ఆపగలగాలి, అందుకే ఆ వ్యవధి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రతా వివరాలన్నిటినీ ఒకేసారి మార్చమంటే 30 రోజులు ఆగాలి. గూగుల్‌లో రికవరీ ఫోన్ మార్చాక కూడా 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే అవకాశం ఇవ్వవచ్చు. ఖాతా దొంగల చేతిలో పడ్డవారికి ఆ 7 రోజులే కీలకం. దొంగ రాగానే మార్చేది రికవరీ నంబర్‌నే కాబట్టి, మొదటి వారంలో మేలుకున్నవారికి దారి ఉంటుంది, నెల తరవాత మేలుకున్నవారికి అది సన్నబడిపోతుంది.

మర్చిపోయిన పాస్‌వర్డ్‌కూ దొంగిలించిన ఖాతాకూ మరో తేడా ఉంది. దొంగ వచ్చి వెళ్ళిన ఖాతాను పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే పని పూర్తయినట్టు కాదు. వచ్చే మెయిళ్ళన్నీ తనకు కూడా చేరేలా అతను ఫార్వర్డింగ్ పెట్టి ఉండవచ్చు. బ్యాంకు మెయిళ్ళు నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ రాసి ఉండవచ్చు. అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితాలో తనదొకటి చేర్చి ఉండవచ్చు. వీటిలో కొన్ని పాస్‌వర్డ్ మారినా అలాగే పనిచేస్తూ ఉంటాయి.

ఆత్రుతలో ఉన్నవారి చుట్టూ ఇంకో రకం మోసగాళ్ళు తిరుగుతుంటారు. సెర్చ్‌లో కనబడే 'మెయిల్ సపోర్ట్' నంబర్లు, కొంత సొమ్ము ఇస్తే ఖాతా తెరిపిస్తామనే సోషల్ మీడియా హ్యాండిళ్ళు ఆ కోవలోవే. ఖాతా, పాస్‌వర్డ్ సహాయం అందిస్తామనే ఏ ప్రైవేటు సేవతోనూ తమకు సంబంధం లేదని గూగుల్ తన సహాయ పేజీలోనే రాసింది. ఓటీపీ చెప్పమని అడిగారంటే ఖాతా తెరిపించడానికి కాదు, తీసుకోవడానికే.

## వాడని ఖాతాల గతి

రికవరీ ఎంత బాగా జరిగినా ఖాతాయే లేకపోతే లాభం లేదు. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మే నెలలో ప్రకటించింది, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ గడువు కూడా రెండేళ్ళే. యాహూ 12 నెలలు తెరవని మెయిల్ పెట్టెను ఖాళీ చేస్తుంది. పాస్‌వర్డ్ పోయిందని 'తరవాత చూద్దాం' అనుకున్న ఖాతా మీద ఈ గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఖాళీ అయిన చిరునామా ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరం. జీమెయిల్ తొలగించిన పేరును మళ్ళీ ఎవరికీ ఇవ్వదు. యాహూ 2013లో ఏడాదికి పైగా వాడని పేర్లను కొత్తవారికి పంచింది. తీసుకున్నవారిలో కొందరికి పాత యజమానుల వ్యక్తిగత ఉత్తరాలు రావడం మొదలైంది. అలాంటి చిరునామా ఇంకెవరి జీమెయిల్‌కో రికవరీ మెయిల్‌గా ఉందనుకుంటే, తాళంచెవి ముక్కూమొహం తెలియని మనిషి చేతికి వెళ్ళినట్టే.

## పాస్‌కీ వస్తే ఈ బాధ తీరుతుందా?

గూగుల్ 2023లో పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే పాస్‌కీలను ఖాతాలకు తెచ్చింది. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త ఖాతాలను మొదటి నుంచే పాస్‌వర్డ్ లేకుండా తెరవనిస్తోంది. పాస్‌కీలో గుర్తుపెట్టుకోవాల్సింది ఏదీ లేదు. ఒక రహస్య తాళం పరికరంలో ఉంటుంది, దానికి జోడీ అయిన బహిరంగ తాళం కంపెనీ దగ్గర ఉంటుంది. వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో ఫోన్ తెరిస్తే చాలు. దొంగిలించడానికి కంపెనీ దగ్గర రహస్యం ఉండదు, నకిలీ సైటులో పొరపాటున టైప్ చేయడానికి చేతిలోనూ ఏమీ ఉండదు.

మర్చిపోవడం అన్న సమస్య దీంతో పోతుంది. పోగొట్టుకోవడం అన్నది పోదు. ఫోన్ పోతే పాస్‌కీ ఎక్కడి నుంచి వస్తుంది? గూగుల్‌లోనో, యాపిల్ ఐక్లౌడ్‌లోనో దాచిన ప్రతి నుంచి. ఆ ఖాతాలోకి వెళ్ళడం ఎలా? మళ్ళీ అదే రికవరీ పేజీ, అదే ఫోన్ నంబర్, అదే రెండో మెయిల్. అందుకే పాస్‌కీలు వచ్చాక కూడా కంపెనీలు పెరటి తలుపు గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాయి. యాపిల్ 2021లో 'రికవరీ కాంటాక్ట్' తెచ్చింది. గూగుల్ 2025 అక్టోబరులో అదే దారి పట్టింది. నమ్మకమైన మనుషుల పేర్లు ముందే ఇచ్చిపెట్టుకుంటారు. ఖాతాకు తాళం పడ్డ రోజున కంపెనీ ఒక అంకెనో కోడ్‌నో మధ్యలో పెడుతుంది. ఖాతాదారుకూ ఆ నమ్మకమైన మనిషికీ మధ్య అది సరిపోలితే తలుపు తెరుచుకుంటుంది. ఆ కాంటాక్ట్‌కు ఖాతా లోపలిదేదీ కనబడదు. వారు చేయాల్సింది ఒక్కటే: అవతల ఫోన్‌లో మాట్లాడుతున్న గొంతు నిజంగా ఆ మనిషిదేనా అని గుర్తుపట్టడం.